మూడు మూరల ఇరుసు

1994. వానలకు ముందు ఒక ఆదివారం పొద్దున. నారాయణఖేడ్ బస్సు డిపో వెనుక సందులో బసవరాజ్ వెల్డింగు షాపు. ఎడ్ల బండ్లు, దర్వాజలు చేసే వడ్ల సంగయ్య, అతని బిడ్డ భీమమ్మ, బసవరాజ్.

"కొయ్యి బసవన్నా. సుద్దతోని గీత గీసిన. గా గీత కాడ కొయ్యి."

"కొయ్యకు."

"నాయినా, నువ్వు నడుమల రాకు. స్కూటరు నాది."

"బసవరాజ్, కొయ్యకు."

"అరె, ఒకలు కొయ్యమంటరు, ఒకలు వద్దంటరు. నేను ఎవల మాట వినాలె? కాకా, నువ్వు జర పక్కకు జరుగు, వైరు తొక్కినవ్. చెల్లె, నువ్వు గూడ ఎంతసేపు గిట్ల నిలబడి..."

"నిలబడ్డనా? నేను నిలబడ్డనా అన్నా? పుట్టి ఇరవై ఆరేండ్లాయె, ఎన్నడన్న నిలబడంగ చూసినవా? నీ స్టూలు మీదనే కూసున్న."

"తప్పయింది చెల్లె. నోటి అలవాటు."

"తప్పు గది కాదు. తప్పు గిది. ఇగో, గీ ఇరుసు. నేను నీకు కాయిదం మీద రాసిచ్చిన్నా లేదా? స్కూటరుకు రెండు దిక్కుల పెట్టే పక్క గీరలు, గా చిన్న చక్రాలు, బయటి నుంచి బయటికి ఇరవై ఏడు ఇంచులు. దానికి వెంట్రుక ఎక్కువ వద్దన్న. అన్ననా లేదా?"

"అన్నవ్."

"మరి గిదెంత?"

"మూడు మూరలు."

"నిన్ను అడగలే నాయినా!"

"మూడు మూరలే ఉంది. నా కొలకట్టెతోని కొలిచి చెప్పిన."

"బసవన్నా, బండి ఎవలిది? కొలత ఎవలిది తీసుకున్నవ్?"

"నన్నంటె బాగుండదు చెల్లె. పోయిన సోమారం కాక వచ్చిండు. 'కొలత మారింది, మా బిడ్డ చెప్పి పంపింది' అన్నడు. నాకేమెరుక? బండ్లు చేసిన వడ్లాయన. గీరల సంగతి నాకంటె ఆయనకెరుక. ఆయన కట్టె పెట్టి చూపించిండు, నేను పైపు కోసిన."

"నేను చెప్పి పంపిన్నా నాయినా?"

"లే."

"మరి అబద్ధం చెప్పినవా?"

"చెప్పిన."

"ఎంత సుఖంగ అంటుండు చూడన్నా. 'చెప్పిన'! అంతే. సిగ్గు లేదు, భయం లేదు. ఆరేండ్లు చేతి మిషిని మీద జాకెట్లు కుట్టి తెచ్చుకున్న బండి అది. బీదరు దాక పోయి ఏరి ఏరి తీసుకున్న. గేర్లు లేనిది. బటను ఒత్తితె షురూ అయ్యేది. రెండు బ్రేకులు చేతులకే ఉండేది. కాలుతోని చేసే పని ఒక్కటన్న ఉంటె వద్దన్న. ఆ సేటు నాలుగు బండ్లు చూపిస్తె నాలుగిటి మీదికి నేనే పాకి ఎక్కి, నేనే దిగి చూసిన. నువ్వొచ్చి ఒక్క అబద్ధంతోని ఖరాబు చేసినవ్."

"ఖరాబు చెయ్యలే. నడిచేటట్టు చేసిన."

"ఏడ నడిచేటట్టు?"

"మన బాటల."

"చూసినవా? మల్ల గదే."

"తారు రోడ్డు దిగినంక మనూరికి రెండు మైళ్లు బండ్ల బాట. నల్లరేగడి. ఎండకాలం గాడి ఇనుము లెక్క గట్టిపడ్తది. గాడికి గాడికి నడుమ మూడు మూరలు. మా తాత చేసిన బండ్లు, మా నాయిన చేసినయి, నేను చేసినయి, అన్ని ఒక్క ఇరుసు మీదనే నడిచినయి. ఆ గాడి మేం చేసింది. మూడు మూరలుంటె రెండు గీరలు గాడిల కూసుంటయి, బండి ఒరగది. నీ ఇరవై ఏడు ఇంచులు పెడితె ఒక గీర గాడిల, ఒక గీర గడ్డ మీద. బోర్లపడ్తవ్."

"కాక చెప్పేది నిజమే చెల్లె. నేను పక్కల స్ప్రింగులు పెట్టిన గని, గంత లోతు గాడిల స్ప్రింగు గూడ ఏం చెయ్యది."

"నువ్వు ఆయన దిక్కు మాట్లాడకు బసవన్నా."

"నేను ఏ దిక్కు లేను. పోనీ ఒక మాట చెప్త. నడిమి రకం చేద్దాం. మూడున్నర అడుగులు. కాక సగం తగ్గాలె, నువ్వు సగం పెరగాలె. పంచాయితి ఖతం."

"నడిమిది అన్నిటికంటె చెడ్డది."

"ఎందుకు కాకా?"

"సన్నగుంటె అది గాడికి భయపడి జర పక్కకెళ్లి పోతది. వెడల్పుగుంటె గాడిల పోతది. అటు ఇటు గానిది నమ్మిచ్చి చంపుతది."

"వింటున్నవా అన్నా? ఒక్క మాట మాట్లాడని మనిషి గీర గురించి ఎన్ని మాటలు మాట్లాడ్తడు! బిడ్డ గురించి అడుగు. నోరు తెరువడు."

"బిడ్డ గురించే మాట్లాడుతున్న."

"ఏం మాట్లాడినవ్? క్యాంపుల చేతి సైకిలు ఇచ్చిన్నాడు ఏం మాట్లాడినవ్? మూడు గీరల సైకిలన్నా, నీకెరుకనా? చెయ్యితోని పెడలు తిప్పాలె. కుడి చెయ్యితోని. నాకు కుడి చెయ్యిల బలం లేదు, చిన్నప్పటి జ్వరం కాళ్లతోని పాటు దాన్ని గూడ సగం తిన్నది. అక్కడ ఒక్కరన్న కొలిచిండ్రా, చెయ్యి చూసిండ్రా? దండలేసిండ్రు, ఫోటువ దిగిండ్రు. నేను నాయిన చెవుల చెప్పిన, ఇది నాకు పనికి రాదు, ఎడమ చెయ్యిది అడుగు అని. ఏమన్నడు? 'ఉత్తగ ఇస్తుండ్రు, తీసుకో.'"

"నేను ఇంటికి తెచ్చి ఎడమ దిక్కుకు మార్చిన."

"మార్చినవ్! చెప్పు, బసవన్నకు చెప్పు మార్చినంక ఏమయిందో. చెప్పవ్. నేను చెప్త. చైను, పండ్ల చక్రం అన్ని ఇప్పి ఎడమకు బిగిచ్చిండు. నన్ను ఎక్కిచ్చిండు. ముందుకు తిప్పితె ఉత్తగ గిరగిర తిరిగింది. వెనుకకు తిప్పితె సైకిలు వెనుకకు పోయింది. కల్లు దుకాణం కాడ మంది నిలబడి నవ్విండ్రు. 'వడ్లాయన బిడ్డ సర్కసు చేస్తుంది' అన్నరు."

"హౌదు, గట్లనే అయితది! ఆ చక్రానికి ఒకటే దిక్కు పట్టు ఉంటది కాకా. ఎడమకు పెట్టాలంటె వేరేది కావాలె."

"అప్పుడు తెల్వదు."

"తెల్వకుంటె అడగాలె. నువ్వు అడుగుతవా? ఇప్పుడు దాంట్ల కోళ్లు పండుకుంటున్నయి. అమ్మ పొద్దుగాల లేచి దాంట్లకెళ్లి గుడ్లు ఏరుతది. ఊరోళ్లు అంటరు, సంగయ్య బిడ్డ బండి గుడ్లు పెడ్తుందని."

"ఖ్హు... ఖ్హు."

"నవ్వకు బసవన్నా."

"నవ్వలే చెల్లె. పొగ వచ్చింది గొంతుల."

"ఇంకొకటి చెప్త విను. ఆ సైకిలు తెచ్చిన్నాడు ఇంట్లకు ఎక్కిద్దామంటె గడప అడ్డం వచ్చింది. జానెడెత్తు గడప. 'నాయినా, జర కొయ్యి. నీ చేతుల రంపముంది, ఒక్క గడియ పని' అన్న. బతిమాలిన. ఏమన్నవ్ నాయినా? చెప్పు. గది గూడ మర్చిపోయినవా?"

"మర్వలే."

"ఏమన్నవ్?"

"గడప లేకుంటె అది దర్వాజ కాదు, బొక్క అన్న."

"ఆ, గదే. శుక్రారం అమ్మ దానికి పసుపు పెడ్తది. బొట్టు పెడ్తది. మేం దాని మీద కూసోవద్దు, తుమ్మితె ఆగాలె, దాని మీద లక్ష్మి ఉంటదట. లక్ష్మి కూసుంటది, భీమమ్మ దాని మీదికెళ్లి పాకుతది. ఇరవై ఆరేండ్లు! నా కడుపు కింద ఆ కట్టె అరిగింది నాయినా. నడుమల గుంట పడ్డది. నువ్వు చూసినవా ఎప్పుడన్న?"

"చూసిన."

"చూసి?"

"వడ్లోడు గడప లేని దర్వాజ పెట్టడు. మా తాత పెట్టలే. మా నాయిన పెట్టలే."

"నువ్వు పెట్టవు. ఎరుకే. గందుకే ఇగ నిన్ను అడుగుడు బంద్ చేసిన. బసవన్నా, గ్యాసు ముట్టించు."

"చెల్లె, జర ఆగు. ఒకసారి కోస్తె మల్ల అతికిచ్చుడు కష్టం. బలం పోతది. ఇద్దరు చాయ్ తాగి..."

"చాయ్ వద్దు. రేపు పొద్దుగాల ఆరు గొట్టంగ నా డబ్బా తెరువాలె. నీకెరుక గద, డిపో ముంగట ఎస్టీడీ డబ్బా. నా పేరు మీద వచ్చింది. కాళ్లు పోయినందుకు నాకు దొరికిన ఒక్క పని అది. ఫోనాఫీసరు రేపే వస్తనన్నడు. కుర్చీల నేనే ఉండాలె. అన్నను కూసోపెట్టిన, మామను కూసోపెట్టిన అంటె నడువది. నేను లేకుంటె పేరు కొట్టేసి వేరేటోళ్లకు ఇస్తడు. నన్ను ఎవలన్న ఎత్తుకొచ్చి కూసోపెట్టుడు గూడ నాకు వద్దు. నా బండి మీద నేను రావాలె. గందుకు కొయ్యమంటున్న."

"డబ్బాకు పోనీకె మూడు మూరలైతె ఏం బాధ? రోడ్డు వెడల్పే ఉంది."

"దర్వాజ పట్టది."

"ఏ దర్వాజ?"

"దర్వాజ!"

"ఏ దర్వాజ అంటున్న."

"డబ్బా దర్వాజ."

"డబ్బాల స్కూటరు పెడ్తవా? నేను చూసిన డబ్బా. నువ్వు, ఫోను, ఇంకొక మనిషి. గంతే పట్టేది. స్కూటరు బయట పెట్టి లోపల కూసోవాలె."

"మనింటి దర్వాజ పట్టది మరి."

"ఇంట్ల ఎందుకు? కొట్టంల పెడ్తం. కొట్టం వాకిలి ఆరడుగులు. ఎడ్లు పోయినంక ఖాళీనే ఉంది."

"వానకు తడుస్తది."

"కొట్టం మీద రేకులేసిన. పోయిన నెలనే."

"గందుకేనా రేకులేసింది?"

"ఊ."

"నాకు చెప్పొద్దా? 'బిడ్డా, నీ బండికి కొట్టం కప్పుతున్న' అని ఒక్క మాట అంటె నీ నోట్ల ముత్యాలు రాలుతయా?"

"నువ్వు చెప్పు. ఏ దర్వాజ?"

"బసవన్నా, నువ్వన్న ఏమన్న అనవేంది?"

"నేనా? నాది ఇనుము పని చెల్లె. దర్వాజలు కాక పని. చాయ్ చెప్పొస్తనుండు."

"నువ్వు ఏడికి పోకు. ఈడనే ఉండు. నాయినా, నువ్వు నన్ను అడుగుతున్నవ్ గద, నేను నిన్ను అడుగుత. మూడు దినాల సంది బాడిశ, రంపం, ఉలులు సంచిల పెట్టుకోని చీకట్ల పోయి చీకట్ల వస్తున్నవ్. అమ్మ అడిగితె కంగ్టి దిక్కు పనన్నవ్. ఏం పని?"

"ఉండె."

"బండ్లు చేపిచ్చెటోడు ఎవడుండు ఇప్పుడు? అందరు ట్రాక్టర్లు తెచ్చుకున్నరు. నీకు ఆఖరిసారి బండి చెప్పినోడు సిర్గాపూర్ కిష్టప్ప. తొమ్మిదేండ్లాయె. పెరట్ల టేకు చెక్క ఏమాయె? 'ఆఖరి బండి దీంతోని చేస్త' అని గోనెపట్టలు చుట్టి పెట్టుకున్నవ్. చెదలు పడ్తయని నెలకోసారి కిరసనాయిలు రాస్తుంటివి. మొన్న చూస్తె లేదు. అమ్మ ఏడుస్తుంది. ఎవలకిచ్చినవ్?"

"ఎవలకియ్యలే."

"మరి రెక్కలొచ్చినయా చెక్కకు?"

"పనికొచ్చింది."

"పనికొచ్చింది! గా చేతులకు సిమెంటు ఏంది? వడ్లోనికి సిమెంటుతోని ఏం పని? గోర్లల్ల గూడ ఉంది."

"అంటింది."

"దేవుడా. ఈయనతోని మా అమ్మ ముప్పై ఏండ్లు ఎట్ల ఏగిందో. బసవన్నా, రాయిని అడిగితె రాయి గూడ పలుకుతది."

"నువ్వు మూడోసారి మాట తప్పిస్తున్నవ్ భీమవ్వా. ఏ దర్వాజ?"

"నాకు చెప్ప బుద్ధి కాదు."

"సరే, నేను చెప్త. ఇరవై ఏడు ఇంచుల బండి అంటె దర్వాజ ముప్పై. రెండున్నర అడుగులు. మనూళ్లె రెండున్నర అడుగుల దర్వాజ ఏ ఇంటికి లేదు. అన్ని దర్వాజలు మేం పెట్టినయే. తక్కువల తక్కువ మూడు అడుగులు. పెండ్లి పిల్ల, పిలగాడు పక్కపక్కన లోపలికి రావాలని పెడ్తం. గీ కొలత మనూరిది కాదు. ఏ ఊరిది?"

"పోనియ్యి కాకా. ఆ రిబ్కమ్మ టీచరు ఇంటెనుక దర్వాజలు పాతయి, గందుకే సన్నగ..."

"బసవన్నా!"

"అయ్యో శివనే. నోరు జారింది."

"ఒట్టు పెట్టిచ్చుకున్న నీతోని! నీ పిల్లల మీద ఒట్టు!"

"పిల్లల మీద కాదు చెల్లె, వెల్డింగు మిషిని మీద పెట్టిన. తప్పయింది. కాకా, నన్ను తిట్టకు. టీచరు వెనుక రూము ఖాళీగుందని నేను చెప్పిన, గంతే. తీసుకోమనలే."

"చెప్పు భీమవ్వా."

"ఏం చెప్పాలె ఇగ?"

"నువ్వే చెప్పు. నీ నోటితోని."

"చెప్త. నాకేం భయమా? రూము తీసుకున్న. రిబ్కమ్మ టీచరు ఇంటెనుక. పోయిన నెలనే మాట్లాడుకున్న. నాకు మూడో తరగతి చెప్పిన టీచరు, నన్ను ఇంట్ల మనిషి లెక్క చూస్తది. రాత్రి పది దాటినంక ఫోను రేటు పావుకు పడ్తది, అప్పుడే జనం వస్తరు. హైద్రాబాదుకు, బొంబాయికి కూలికి పోయినోళ్ల పెండ్లాలు, తల్లులు, అందరు అప్పుడే మాట్లాడ్తరు. పదకొండు దాక కూసోవాలె. మల్ల పొద్దుగాల ఆరింటికి తెరువాలె. ఊరికి ఎట్ల వచ్చి పోవాలె? ఈడనే ఉంట. ఒక్కదాన్నే ఉంట. వండుకుంట, తింట, పండుకుంట. సమఝైందా?"

"స్కూటరు రూముల ఎందుకు? బయట వాకిట్ల పెట్టరాదా?"

"బయట పెడితె? మంచం కాడి నుంచి వాకిట్ల దాక ఎట్ల పోవాలె నాయినా? పాకాల్నా? మల్ల పాకాల్నా? వానకు బురదల పాకి, బురద చీరెతోని పోయి ఆఫీసరు ముంగట కుర్చీల కూసోవాల్నా? నా చేతులు చూడు. ఇటు చూడు, మొఖం తిప్పకు. గివి చేతులా, చెప్పులా? మంచం మీదికెళ్లి బండి మీద కూసోవాలె, బండి మీద బయటికి రావాలె, డబ్బా కాడ దిగాలె. నడుమల భూమికి నా చెయ్యి తగలొద్దు. గదొక్కటే కోరుకున్న. వేరే ఏం కోరలే. ఆ దర్వాజ రెండున్నర అడుగులు. గందుకు ఇరవై ఏడు ఇంచులు."

"గందుకే మన బాటల నడువని బండి చేపిచ్చుకున్నవ్."

"ఔ! నడువకుంటె మంచిగాయె. నాకు తెల్వకనా? గాడి సంగతి నాకు తెల్వదా, వడ్లోని బిడ్డను? నీ బాట నాకు అక్కర లేదు."

"చెల్లె, గంత మాట అనకు."

"అంట. వారానికోసారి మనూరి మొగులప్ప ఎడ్ల బండి మీద మూట లెక్క ఏసుకొస్తె వస్త, లేకుంటె లేదు. నువ్వు నన్ను భుజాల మీద మోసినవ్. పదో తరగతి దాక బడికి మోసినవ్. నాకెరుక, నేను కాదనలే. గని ఊరంత ఏమంటదో నీకెరుక. 'సంగయ్య దేవుడు, గసుంటి బిడ్డను పువ్వు లెక్క చూసుకుంటడు.' నువ్వు దేవుడివైనవ్. నేనేమైన? గసుంటి బిడ్డనైన. జాతరకు మోసినవ్, దవాఖానకు మోసినవ్. 'యాడికి పోతవ్ బిడ్డా' అని ఎన్నడన్న అడిగినవా? నీకు పోబుద్ధైన కాడికి నన్ను మోసినవ్. దించిన కాడ కూసున్న. చెప్పు. అడిగినవా?"

"అడగలే."

"మరి నేనెందుకు చెప్పాలె?"

"చెప్తె ఆపుతుంటినా?"

"ఆపక? కాళ్లు లేని ఆడిపిల్ల ఒక్కతే ఉంటదంటె ఊకుంటవా? కొలత మార్చినోనివి, అబద్ధం ఆడినోనివి. రేపు పోనీకె లేకుంట చేసినోనివి!"

"నువ్వు చెప్తవేమో అని చూసిన. కాయిదం చూసిన్నాటి నుంచి చూసిన. వారం దినాలు. పొద్దుగాల అంబలి పోసినప్పుడు చెప్తదేమో అనుకున్న. పొద్దుమీకి చెప్తదేమో అనుకున్న."

"కాయిదం చూసిన్నాటి నుంచి?"

"సోమారం. గంత సన్న దర్వాజ ఎవలింట్ల ఉందో ఎతికిన, టీచరమ్మ ఇంటెనుక దొరికింది."

"అంటె నీకు ముందే ఎరుకనా? అన్ని తెలిసి గింతసేపు నన్ను దొంగను అడిగినట్టు అడిగినవా?"

"నా బిడ్డ నాకు చెప్పాలె."

"చెప్పిన గద ఇప్పుడు! కడుపు నిండిందా? బసవన్నా, ఇగ మాటలు చాలు. కొయ్యి. నువ్వు కొయ్యకుంటె ఆ గ్యాసు గొట్టం నాకియ్యి, నేను కోసుకుంట. చెయ్యి కాలినా మంచిదే."

"కాకా... కొయ్యాల్నా? ఏదో ఒకటి చెప్పు. బిడ్డ ఏడుస్తుంది."

"ఏడుస్తలే! ఎవలన్నరు ఏడుస్తున్ననని? కొయ్యి!"

"కొయ్యకు. ఆ దర్వాజ రెండున్నర లేదు."

"ఉంది. నేను, టీచరు టేపు పెట్టి కొలిచినం."

"ఎన్నడు?"

"పోయిన నెల."

"ఇప్పుడు లేదు."

"లేదంటె?"

"తీసేసిన."

"ఏందీ?"

"దర్వాజ ఊడదీసిన. గోడ గూడ కొట్టిన."

"అయ్యో కాకా! ఎంత పని చేసినవ్?"

"చూసినవా బసవన్నా? చూసినవా? నేను అనలే? రూము కూలగొట్టి వచ్చిండు! మూడు దినాలు బాడిశ పట్టుకోని పోయింది గీ పనికి! టీచరు నాకు రూమియ్యకుంట చేసిండు. నాయినా, నీకు పాపం తగులుతది. ఇరవై ఆరేండ్లకు ఒక్కటి, ఒక్కటంటె ఒక్కటి నాది అనుకున్న, అది గూడ..."

"టీచరమ్మను అడిగే కొట్టిన."

"ఏమని అడిగినవ్?"

"నా బిడ్డకు ఈడ ఉండబుద్ధయింది, దర్వాజ సన్నగుంది అన్న. మూడు దినాలు పట్టింది. నిన్న పొద్దుమీకి అయిపోయింది. టేకు చెక్కది. ఐదడుగులు. రెండు రెక్కలు. మూడు మూరల బండి సుఖంగ పోతది, సుఖంగ వస్తది. గిటు రూముల పట్టాలె, గటు మన బాటల నడువాలె. గందుకు కొయ్యొద్దన్న."

"గా సిమెంటు..."

"గోడకు పెట్టింది. నాకు సరిగ రాలే. మెత్తేటోళ్లను పిలిచి జర సాపు చేపిచ్చుకో."

"నాయినా, నువ్వు... మరి పొద్దుగాల్నుంచి ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పినవా?"

"మంచిగుంది! ఇద్దరు ఒక్క చెక్క నుంచి కోసినోళ్లే. కాకా, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకు. ఐదడుగులు పెట్టినవ్, రెండు రెక్కలు పెట్టినవ్, మంచిది. గని కింద నీ జానెడు గడప అడ్డం ఉంటె గా స్కూటరు లోపలికి ఎట్ల ఎక్కుతది?"

"గడప పెట్టలే."